ముసురుకు ముందు

ఆర్థర్స్ పాస్ దగ్గర
ఆమె టీ తాగిన పావుగంటలో
కియా అనే కొండచిలుక
మోటర్‌హోమ్ స్కైలైటు చుట్టూ ఉన్న రబ్బరునంతా
పేగు లాగినట్టు లాగి పారేసింది.
దొంగకీ పసివాడికీ మధ్యరకం చూపు దానిది.
నోలీన్ తిట్టలేదు.
"కుళ్ళిందని నాకంటే నీకే ముందు తెలిసింది" అంది.

హొకిటికా చేరేసరికి
మంచం పక్క గోడ బొటనవేలికి లొంగింది,
టీలో నానిన బిస్కెట్టులా.
తేమ మీటరు గుచ్చితే ముప్పై ఒకటి.
నమ్మక మళ్ళీ గుచ్చింది.
ముప్పై రెండు.

శుక్రవారం రాత్రి నుంచి వాయవ్యపు గాలి,
మూడు రోజుల ముసురు, అంది రేడియో.
ఇవాళ బుధవారం.
ఆ పడమటి తీరంలో
పొడి పగలంటే చేబదులు తెచ్చుకున్న డబ్బు,
లెక్కపెట్టుకునే లోపే అయిపోతుంది.

నిచ్చెన పట్టుకోవడానికి
పక్క బస్సులో ఉండే తామతి వచ్చాడు.
బొగ్గు గనిలో ముప్పైయేళ్ళు చేసినవాడు.
"కప్పు కింద బతికినవాణ్ణి,
కప్పు మీద సంగతి నాకేం తెలుసు" అన్నాడు.
ఆమెకీ అంతగా తెలియదు.
గొర్రెల బొచ్చు కత్తిరించే శిబిరాల్లో
నలభైమందికి వండిపెట్టిన చేతులు అవి.
మోకాళ్ళ కింద పాత దిండు వేసుకుని
డెబ్భై రెండేళ్ళ మనిషి
రేకు మీద పాకింది.

ప్లాస్టిక్ గీకుడు బద్దతో గీకుతూ పోతే
పొరలు, పొరలు.
పైన తెల్ల సిలికాన్, ఓపిక లేనివాడిది.
దాని కింద తారు,
భయపడ్డవాడిది, కావలసినదానికి నాలుగింతలు.
ఇంకా కింద బూడిదరంగు టేపు.
చుక్క కారదని ఒట్టేసి అమ్మినవాడు
వీళ్ళలో ఎవరో.
అన్నిటికీ అడుగున, స్కైలైటు అంచు దగ్గర,
పెన్సిలుతో రెండు ముక్కలు:
"ఇక్కడ కాదు."

నవ్వొచ్చింది ఆమెకి.
ఆమెలాగే ఎవరో
ఏదో ఒక బుధవారం
ఈ రేకు మీద మోకరిల్లి వెతికారు.

రంధ్రాన్వేషణ అంటే
ఎదుటివాడి తప్పులెన్నడం అనుకుంటాం.
ఎక్కి చూడండి ఒకసారి.
నీళ్ళకి సిగ్గెక్కువ.
దూరినచోట కనబడవు.
యాంటెనా కాలి దగ్గర
వదులైన మరమేకు పక్కన జొరబడి,
చెక్క దూలం వెంట నాలుగడుగులు నడిచి,
దీపం తీగ పట్టుకుని దిగి
ఏమీ ఎరగనట్టు
మంచం పక్కన బయటపడతాయి.
పాపం చిలుకది కాదు.

మరమేకు ఊడదీసింది.
స్పిరిట్‌తో తుడిచింది, గుడ్డ నల్లబడటం మానేదాకా.
మెత్తటి జిగురు టేపు పరిచి
కొత్త మరమేకు బిగించి
పెన్సిలు తీసి రాసింది: "ఇక్కడే."
తేదీ వేసింది. దాని మీద సీలెంటు పూసింది.
పనిలో పనిగా
మిగతా మరమేకుల తలల మీద కూడా
ఒక్కో ముద్ద, వరసగా,
మనం మేడ మీద వడియాలు పెట్టినట్టు.

"అయిందా?" కిందనుంచి తామతి.
"ఈ ఏటికి."

శుక్రవారం వాన చెప్పిన మాట నిలబెట్టుకుంది.
గులకరాళ్ళ లారీ
కప్పు మీద తిరగబోసినట్టు రాత్రంతా.
గిన్నె పెట్టుకుని కూర్చుంది.
గంటకోసారి గోడని తాకింది.
పొడి.
పొడి.
మూడింటికి నిద్రపట్టింది.

తెల్లవారుతుండగా
నుదుటి మీద
చల్లగా
ఒక బొట్టు.

బూతులొచ్చాయి, శిబిరంలో నేర్చినవి.
టార్చి వేసి చూస్తే
యాంటెనా దగ్గర కాదు, స్కైలైటు దగ్గరా కాదు,
కిటికీ అద్దాలన్నీ చెమటలు పట్టి ఉన్నాయి.
ప్రతి లోహపు అంచునా ముత్యాలు.
ఆరేసిన తడి కోటు,
రెండుసార్లు మరిగిన కెటిల్,
బిగించిన పెట్టెలో రాత్రంతా ఒక మనిషి ఊపిరి.
పోవడానికి సందు లేక
చుట్టూ తిరిగి ఆమె దగ్గరికే వచ్చింది.

చాలాసేపు చూసింది.
గాలి తగలని వైపు కిటికీని
వేలెడంత తెరిచింది.
వాన చప్పుడు లోపలికొచ్చి కూర్చుంది.

రెయిన్‌కోటు తల మీద కప్పుకుని
తామతి తలుపు తట్టాడు.
"కారిందా?"
"కారింది" అంది నోలీన్,
కెటిల్ మళ్ళీ పొయ్యి మీద పెడుతూ.
"ఎక్కణ్ణుంచి?"
"నా నుంచే."